చెరసాలయా? శ్రీవారి లీలావిభూతియా?

జీవుడు బద్ధుడు. ఈ మాట వైష్ణవ గృహములలో పసిపిల్లలు సైతము వినియుందురు. బద్ధుడనగా కట్టుబడినవాడు. కట్టు ఉన్నదనిన కట్టినవాడెవడు, దేనితో కట్టెను, విప్పువాడెవడు అను ప్రశ్నలు తప్పవు. ఈ మూడు ప్రశ్నలకు చెప్పుకొను సమాధానమును బట్టియే మనుష్యుడు తన ఇంటిని, పొలమును, ఆలుబిడ్డలను, తుదకు తన దేహమును ఏ దృష్టితో చూచునో నిర్ణయమగును. కావున ఇది పండితుల వాదముతో ముగియు విషయము కాదు. ప్రతి గృహస్థునకు దీనితో పని ఉన్నది.

వనపర్తి జిల్లాలోని పెద్దమందడి వంటి గ్రామములలో సైతము ఇప్పుడు ఒక కొత్త మాట వినబడుచున్నది. ఈ లోకము ఒక చెరసాల అనియు, దీనిని నిర్మించినవాడు మంచివాడు కాడనియు, మన జన్మములన్నియు వాని వలలోనివే అనియు, రహస్యజ్ఞానము కలవారు మాత్రమే తప్పించుకొందురనియు ఆ మాట సారాంశము. చేతిలోని ఫోనులో చూచి ఎరిగిన యువకులు దీనిని ఇంటి పెద్దలతో చెప్పుచున్నారు. "మన వేదాంతమును ఇదే కదా చెప్పునది!" అని కొందరు పెద్దలు తల ఊపుచున్నారు. నిజముగా మన వేదాంతము చెప్పునది ఇదేనా? పోలిక ఎంతవరకు? భేదము ఎక్కడ? దీనిని నెమ్మదిగా విచారింపవలసియున్నది.

ఆ సిద్ధాంతము పుట్టిన చోటు

ఈ భావము క్రొత్తది కాదు. క్రీస్తుశకము రెండవ, మూడవ శతాబ్దులలో ఈజిప్టు, సిరియా, రోము ప్రాంతములలో కొన్ని గోష్ఠులు దీనిని బోధించినవి. వారిని నాస్టికులందురు. మన 'నాస్తిక' శబ్దముతో దీనికి సంబంధము లేదు. గ్రీకు భాషలో 'గ్నోసిస్' అనగా జ్ఞానము. మన 'జ్ఞా' ధాతువు, ఆ గ్రీకు పదము ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. అనగా వారు తమను జ్ఞానులమని చెప్పుకొనినవారు.

చాలకాలము వారి మాటలు వారి ప్రత్యర్థుల గ్రంథములవలననే లోకమునకు తెలిసినవి. సుమారు 180లో ఐరేనియస్ అను క్రైస్తవ గురువు వారిని ఖండించుచు పెద్ద గ్రంథము వ్రాసెను. 1945 డిసెంబరులో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది సమీపమున ఎరువు మట్టి త్రవ్వుచున్న రైతులకు ఒక మట్టి కూజా దొరికినది. అందులో తోలు అట్టలు కట్టిన 13 పుస్తకములున్నవి. అవి నాలుగవ శతాబ్దమున కాప్టిక్ భాషలో వ్రాసిన ప్రతులు. వానిలో సుమారు 52 రచనలు కలవు. వాని సంపూర్ణమైన ఆంగ్లానువాదము 1977లో వెలువడినది. నేడు లోకమంతట వినబడుచున్న ఈ చెరసాల మాటకు చాలవరకు ఆ గ్రంథములే ఆధారము.

వారి కథ సంగ్రహముగా ఇట్లున్నది. అన్నిటికి పైన వెలుగే రూపమైన పరతత్త్వము ఒకటి కలదు. దానినుండి వెలువడిన దివ్యశక్తులలో సోఫియా ఒకతె. ఆ పేరునకు ప్రజ్ఞ అని అర్థము. ఆమె చేసిన పొరపాటువలన యాల్దబాత్ అను అజ్ఞానశక్తి పుట్టెను. తన పైనున్న వెలుగును ఎరుగని ఆ శక్తి తానే ఏకైక దైవమని విర్రవీగి, ఆర్కానులు అను అధికారులను సృష్టించుకొని, వారితో కలిసి ఈ జగత్తును, మనుష్యదేహమును నిర్మించెను. దేహములోని ఒక్కొక్క అవయవమును ఒక్కొక్క దూత చేసెననియు, అట్టి దూతలు 365 మంది అనియు యోహాను రహస్యగ్రంథము చెప్పుచున్నది. ఆ దేహములో పైవెలుగుయొక్క కణము చిక్కుకొనియున్నది. అదియే జీవుడు. ఆ జీవుడు నిద్రలోనున్నాడు, మత్తులోనున్నాడు. పైనుండి వచ్చిన పిలుపు విని మేలుకొని, తన పుట్టినిల్లు ఏదో ఎరిగి, కావలివారిని దాటి పోవుటయే ముక్తి.

తెలుగునాటికి వచ్చిన దారి

ఈ భావములు భారతదేశమున చదువుకొన్నవారికి పరిచయమగుటకు దివ్యజ్ఞాన సమాజము ఒక ముఖ్య కారణము. 1875లో న్యూయార్కులో స్థాపింపబడిన ఈ సమాజము 1882లో మద్రాసు చెంతనున్న అడయారునకు తన ప్రధాన స్థానమును మార్చుకొనినది. ఆ సంవత్సరము మే నెలలోనే దాని స్థాపకులైన బ్లావట్‌స్కీ, ఆల్కాట్ బకింగ్‌హాం కాలువ మీద పడవలో బయలుదేరి నెల్లూరు, గుంటూరులను సందర్శించిరి. బ్లావట్‌స్కీకి కార్యదర్శిగా పనిచేసిన మీడ్ అను పండితుడు 'పిస్టిస్ సోఫియా' అను నాస్టిక గ్రంథమును 1896లో ఆంగ్లమున ప్రకటించెను. నాగ్ హమ్మాది కూజా బయటపడుటకు సుమారు అర్ధశతాబ్దము ముందే ఈ మాటలు మన దేశపు పుస్తకశాలలకు చేరుటకు బాట ఇట్లు ఏర్పడినది. 1915లో అనీబిసెంటు మదనపల్లెలో కళాశాలను స్థాపించినది. ఆ మదనపల్లెలోనే 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని సమాజపు పెద్దలు జగద్గురువుగా రానున్నవాడని భావించి, ఆయన పేర ఒక సంఘమును 1911లో ఏర్పాటు చేసిరి. 1929 ఆగస్టు 3వ తేదీన ఆయనయే ఆ సంఘమును రద్దు చేసి, ఏ సంస్థయు మనుష్యుని సత్యమునకు చేర్పజాలదని ప్రకటించెను. రహస్యమార్గములకు తెలుగువారు ఎంత చేరువగా వచ్చిరో, ఆ తెలుగువారిలోనే ఒకడు దానిని ఎట్లు త్రోసిపుచ్చెనో ఈ ఒక్క వృత్తాంతము చూపుచున్నది.

పోలికలు

పోలికలను దాచనక్కరలేదు. సత్యమునకు పోలిక ఎక్కడ కనబడినను మన పెద్దలు ఆదరించినారు.

భాగవతము తృతీయస్కంధమున కపిలమహర్షి తల్లియైన దేవహూతికి గర్భస్థజీవుని దుఃఖమును వివరించెను. ఏడవ మాసమున జీవునకు ఎరుక కలుగును. ముడుచుకొనిపోయిన దేహముతో కదలలేని ఆ స్థితిలో వాడు పూర్వజన్మములను తలచుకొని భగవంతుని ప్రార్థించును. బయటికి వచ్చి, వెలుగు చూచి, ఏడ్చిన క్షణముననే అంతయు మరచును. నాస్టికులు చెప్పిన మరపు ఇట్టిదే.

చతుర్థస్కంధమున నారదుడు ప్రాచీనబర్హి మహారాజునకు పురంజనోపాఖ్యానమును చెప్పెను. తెలుగున ఈ స్కంధము పోతనామాత్యుని చేతిలో రూపుదిద్దుకొనినది. పురంజనుడను రాజు తొమ్మిది ద్వారములుగల పురమును చూచి, అందులోని సుందరిని వరించి, ఆమెతో మైమరచియుండి, చివరకు కాలముచేత పట్టువడును. ఆమె ధ్యాసలోనే మరణించిన కారణమున మరుజన్మమున స్త్రీగా పుట్టి, భర్త మరణించినప్పుడు దుఃఖించుచుండగా ఒక బ్రాహ్మణుడు వచ్చి పలుకరించును. వాడు అవిజ్ఞాతుడను పూర్వమిత్రుడు. నీవును నేనును మానససరస్సులో కలసియుండిన హంసలము కాదా అని గుర్తుచేయును. ఆ తొమ్మిది ద్వారముల పురము ఈ దేహమే అనియు, ఆ మిత్రుడు సర్వేశ్వరుడే అనియు నారదుడు విప్పి చెప్పెను. నిద్ర, మరపు, పిలుపు, మేలుకొలుపు అన్నియు ఇందున్నవి.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన పోలిక ఒకటి కలదు. తోమా చరిత్ర అను సిరియా దేశపు ప్రాచీన గ్రంథమున ముత్యపు గీతము అను కథ ఉన్నది. ఒక రాజకుమారుని తల్లిదండ్రులు ఈజిప్టులో సర్పము కాచుచున్న ముత్యమును తెమ్మని పంపుదురు. వాడు అక్కడివారి వేషము ధరించి, వారి ఆహారము తిని, తాను రాజపుత్రుడనను మాటయే మరచి నిద్రించును. తండ్రి పంపిన లేఖ పక్షివలె ఎగిరివచ్చి వానిని లేపును. వాడు తన్నెరిగి, ముత్యము గ్రహించి, ఇంటికి మరలును.

భగవద్రామానుజులు శ్రీభాష్యమున సమన్వయాధికరణములో ఒక రాజకుమారుని దృష్టాంతమును చెప్పినారు. ఆటలో మునిగి దారి తప్పిన రాజకుమారుని ఒక సద్బ్రాహ్మణుడు చేరదీసి పెంచి విద్య నేర్పును. బాలునకు తన తండ్రి ఎవరో తెలియదు. పదునారేండ్లు వచ్చినప్పుడు నమ్మదగినవాడొకడు వచ్చి, నీ తండ్రి ఈ దేశములనేలు మహారాజు, నీకొరకు ఎదురుచూచుచున్నాడని చెప్పును. వేదాంతదేశికులు రహస్యత్రయసారము మొదటి అధికారమున బోయల నడుమ పెరిగిన రాజకుమారుని కథనే ఉపక్రమముగా గ్రహించినారు.

ఇన్ని పోలికలున్నవి. కాని పోలిక ఉన్నంత మాత్రమున సిద్ధాంతము ఒకటి కాదు. పాలును సున్నపునీరును చూపునకు ఒక్కటే.

మొదటి భేదము: కట్టినవాడెవడు?

నాస్టికులకు జగత్కర్త వేరు, పరతత్త్వము వేరు. కర్త అజ్ఞాని. కావున కార్యమైన జగత్తు దోషమే. మనకు అట్లు కాదు. జగత్తునకు ఉపాదానకారణము, నిమిత్తకారణము రెండును శ్రీమన్నారాయణుడే. బృహదారణ్యకములోని అంతర్యామి బ్రాహ్మణమున యాజ్ఞవల్క్యుడు ఉద్దాలకునకు భూమి, నీరు, అగ్ని, గాలి, ఆత్మ మున్నగునవన్నియు పరమాత్మకు శరీరమని, లోపలనుండి ఆయన వానిని నియమించుచున్నాడని ఉపదేశించెను. దీనినే రామానుజులు శరీరశరీరి భావముగా విస్తరించినారు. దేనిని చేతనుడు సర్వదా ధరించి, నియమించి, తన ప్రయోజనమునకే కలిగియుండునో అది వానికి శరీరము. ఈ లక్షణము చేత చిదచిత్తులు రెండును భగవంతుని శరీరము. మట్టిలో ఆయన ఉన్నాడు. ఆయన ఉన్న చోటును దయ్యము కట్టిన చెర అనుటకు వీలు లేదు.

మరి ప్రకృతి జీవునకు భగవంతుని మరుగుపరచుచున్నదని మన ఆచార్యులే చెప్పలేదా? చెప్పినారు. కాని ఆ మాటలో సగమునే పట్టుకొనరాదు. ప్రళయమున జీవులు కరణకళేబరములు లేక అచేతనముతో సమానముగా పడియుండగా, భగవంతుడు కరుణతో వారికి దేహమును, ఇంద్రియములను ఇచ్చినాడనుట మన సంప్రదాయము. రైతునకు ఎద్దులను, నాగలిని, విత్తనమును ఇచ్చి చెలక దున్నుకొమ్మనినవాడు వానికి మేలు చేసినవాడే. ఆ రైతు ఎద్దులను పెబ్బేరు సంతకు తోలి అమ్ముకొని ఆ సొమ్మును దుర్వ్యసనమున పోగొట్టుకొనినచో ఎద్దులను ఇచ్చినవానిది తప్పా? ఇంద్రియములు మనలను కట్టుటకు ఇచ్చిన గొలుసులు కావు. మనమే వానిని గొలుసులుగా చేసికొంటిమి.

ఈ విషయమున నాస్టికులకు వారి కాలముననే ఒక గ్రీకు తత్త్వవేత్త సమాధానము చెప్పియుండెను. ప్లోటినస్ అను ఆయన సుమారు 205 నుండి 270 వరకు జీవించెను. పారసీక, భారతీయ తత్త్వములను తెలిసికొనగోరి 243లో రోము చక్రవర్తి దండయాత్రతో తూర్పునకు బయలుదేరినవాడు. నాస్టికులను ఖండించుచు ఆయన వ్రాసిన భాగమున ఒక దృష్టాంతమున్నది. ఒకే అందమైన ఇంట ఇద్దరు నివసించుచున్నారు. ఒకడు ఇంటిని, కట్టినవానిని నిందించుచు అందులోనే ఉండును. రెండవవాడు నిందింపక, కట్టినవాని నేర్పును మెచ్చుకొనుచు, ఇల్లు విడువవలసిన కాలమునకై ఎదురుచూచును. వీరిలో వివేకి ఎవడు? ఇల్లు శాశ్వతము కాదని ఇద్దరికిని తెలియును. కృతజ్ఞత ఒక్కనికే ఉన్నది.

రెండవ భేదము: దేనితో కట్టెను?

పాలమూరు ప్రాంతపు భక్తులకు ఈ విషయము చెప్పుటకు వేరే దృష్టాంతము అక్కరలేదు. వానలు లేక చెలకలు ఎండినప్పుడు ఇక్కడి కుటుంబములు తరతరములుగా వలస పోయినవి. దేశమున అనేకములైన ఆనకట్టల నిర్మాణములో పాలమూరు కూలీల చెమట ఉన్నది. గుంపుమేస్త్రీ వద్ద ముందుగా పైకము తీసికొని, ఆ బాకీ తీరువరకు దూరదేశమున మట్టి మోసినవారెందరో. వారిని అక్కడ పట్టి ఉంచినది ఆనకట్ట కాదు, బాకీ. ఆనకట్ట వేల ఎకరములకు నీరిచ్చు పుణ్యకార్యమే. బాకీపడినవానికి అదే చోటు బందిఖానావలె తోచినది.

జీవుని స్థితి ఇట్టిదే. బంధహేతువు జగత్తు కాదు, కర్మ. అనాదియైన కర్మప్రవాహము వలన జీవుడు దేహమునుండి దేహమునకు తిరుగుచున్నాడు. బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయమున బాదరాయణులు ఈ ఆక్షేపమునే ఎత్తుకొనినారు. లోకమున ఒకడు సుఖి, ఒకడు దుఃఖి. సృష్టించినవానికి పక్షపాతము, క్రూరత్వము అంటవా అని ప్రశ్న. కర్మను అపేక్షించియే సృష్టి జరుగుచున్నది గాన అంటవని సమాధానము.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా చెప్పవలెను. నాస్టికులు కేవలము గర్వముతో లోకమును తిట్టినవారు కారు. పసిబిడ్డ మరణమును, నిరపరాధి బాధను చూచి తట్టుకొనలేక, ఇది మంచివాడు చేసిన లోకమా అని అడిగినారు. ఆ ప్రశ్న నేటికిని ప్రతి ఊరిలో ప్రతి దుఃఖితుని నోట వినబడును. కర్మసిద్ధాంతము శాస్త్రవిచారమున సరియైన సమాధానమే. కాని బిడ్డను పోగొట్టుకొని ఏడ్చుచున్న తల్లి ఎదుట నిలిచి "నీ కర్మ" అనుట వైష్ణవుని లక్షణము కాదు. పరదుఃఖమును సహింపలేకపోవుటయే దయ అని మన సంప్రదాయము నిర్వచించినది. కర్మ అను మాట తన విషయమున తాను ఓర్పు నేర్చుకొనుటకు, తన నడత దిద్దుకొనుటకు ఏర్పడినది. ఇతరుల దుఃఖము ఎదురైనప్పుడు సహాయమే చేయవలెను. కూలికి పోయి బాకీపడినవానిని చూచి నవ్వువాడు బంధువగునా? బాకీ తీర్చుటకు చేయి అందించువాడే బంధువు.

మూడవ భేదము: దారిలో ఎదురగువారు

నాస్టికుల గ్రంథములలో దేహము విడిచిన జీవునకు దారిలో ఆర్కానులు అడ్డుపడుదురు. వారు సుంకరులవలె ద్వారములయొద్ద నిలిచి ప్రశ్నింతురు. జీవుడు రహస్యమైన సంకేతపదములను చెప్పినగాని దాటనీయరు. నాగ్ హమ్మాదిలో దొరికిన యాకోబు గ్రంథమొకటి ఆ ప్రశ్నలకు చెప్పవలసిన సమాధానములను నేర్పుచున్నది. మరణానంతరము కూడ భయమే, మోసగించి తప్పించుకొనుటే.

మన ఉపనిషత్తులు చెప్పిన అర్చిరాదిమార్గమును దీనితో పోల్చి చూడుడు. అర్చిస్సు, పగలు, శుక్లపక్షము, ఉత్తరాయణము, సంవత్సరము, వాయువు, సూర్యుడు, చంద్రుడు, వైద్యుతుడు, వరుణుడు, ఇంద్రుడు, ప్రజాపతి అని పండ్రెండుగురు ఈ దారిలోనున్నారు. ఇవి గుర్తులు కావు, కాలములు కావు. జీవుని తోడ్కొనిపోవుటకై భగవంతుడు నియమించిన ఆతివాహికదేవతలని బ్రహ్మసూత్రముల నాల్గవ అధ్యాయమున నిర్ణయింపబడినది. సూర్యచంద్రులు అక్కడ కావలి భటులు, ఇక్కడ ఎదురువచ్చు చుట్టములు. అక్కడ సుంకము కట్టవలెను, ఇక్కడ స్వాగతము లభించును. ఆకాశమున అవే గ్రహములు, అవే నక్షత్రములు. జగత్కర్త స్వభావము ఎట్టిదని నమ్మినచో ఆకాశము అట్లే కనబడును.

వైకుంఠ ఏకాదశినాడు వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన శ్రీరంగాపురపు రంగనాయకస్వామి సన్నిధిలో గాని, మరి ఏ విష్ణ్వాలయములో గాని ఉత్తరద్వారమున స్వామిని సేవించు భక్తుడు ఈ అర్థమునే కన్నులార చూచుచున్నాడు. ఆ ద్వారమును లోపలివారే తెరతురు. భక్తుడు పగులగొట్టుకొని పోడు.

నాల్గవ భేదము: రహస్యము ఎవరిది?

నాస్టికులలో వాలెంటినస్ సంప్రదాయమువారు మనుష్యులను మూడు తెగలుగా విభజించిరి. ఆత్మజ్ఞానమునకు పుట్టినవారు, నడిమివారు, మట్టితోనే నశించువారు. మొదటి తెగవారికే పరిపూర్ణమైన ముక్తి. నేడును రహస్యవిద్యల పేర తిరుగువారు ఈ ఎరనే వేయుదురు. "నీవు సామాన్యుడవు కావు, నిద్రపోవుచున్న గొర్రెలలో మేలుకొనినవాడవు" అని పొగడినచో లొంగనివాడెవడు?

శ్రీవైష్ణవమున సైతము రహస్యములున్నవి. అష్టాక్షరి, ద్వయము, చరమశ్లోకము అను మూటిని రహస్యత్రయమనియే వ్యవహరింతురు. కాని ఆ రహస్యము ఏమైనదో గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. రామానుజులు గోష్ఠీపూర్ణుల చెంతకు పదునెనిమిదిమార్లు నడచి అర్థమును పొందినారు. పొందిన పిమ్మట తిరుక్కోష్టియూరు ఆలయమునకు ఎక్కి అందరికి వినబడునట్లు ఉపదేశించినారు. గురువు కోపించి నరకము కలుగుననగా, నాకొక్కనికి నరకము, వీరందరికి మోక్షము కలుగుట మేలు కాదా అను భావముతో బదులిచ్చినారు. ఆ గురువే ఆయనను కౌగిలించుకొని మెచ్చినాడు. మన రహస్యమునకు ఆ పేరు వచ్చినది దాచుటవలన కాదు, దాని విలువ వలన.

మేలుకొలుపు విషయమును గోదాదేవి తిరుప్పావైలో ఎట్లు చూపినదో ధనుర్మాసము ఆచరించు గృహములకు తెలియును. ముప్పది పాశురములలో ఆరవదానినుండి పదునైదవదానివరకు పదిమంది గోపికలను ఇల్లిల్లు తిరిగి లేపుటయే. మేలుకొనినది ఒక్కతె తప్పించుకొని పోలేదు. మేలుకొనినవారందరును కలసి నిద్రించువారి వాకిట నిలిచినారు. నిద్రించువారిని గొర్రెలనలేదు, చెలికత్తెలని, గుణవతులని పిలిచినారు. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు మారుగా ఈ తిరుప్పావైనే పఠింతురు. నిద్ర ఎరుగని స్వామిని మేలుకొనుమని పిలుచుటలో మేలుకొనువారము మనమే.

తెలిసినంతనే చాలునా?

నాస్టికునకు జ్ఞానమే ముక్తి. తానెవడో తెలిసిన క్షణమున పని ముగిసినది. రామానుజుల రాజకుమారుని కథయొక్క చివరిభాగమును ఇప్పుడు చూడవలెను. తండ్రి ఉన్నాడని విని కుమారుడు పరమానందము పొందును. అంతటితో కథ ముగియలేదు. కుమారుడు బ్రతికియున్నాడని తండ్రికిని తెలియును. తండ్రియు వానిని పొందుటకు పూనుకొనును. ఇద్దరును కలసికొందురు.

ముత్యపు గీతమున తండ్రి లేఖ పంపి ఎదురుచూచును. నాస్టికుల తక్కిన గ్రంథములలో పరతత్త్వము చాల దూరముననే ఉండును. శ్రీభాష్యపు కథలో తండ్రియే కదలును. ఈ భేదమునందే మన సంప్రదాయపు హృదయమున్నది. జీవుడు ఈశ్వరుని వెదకుటకంటె ఈశ్వరుడు జీవుని వెదకుట అధికము. అవతారములు, ఆళ్వారులు, ఆచార్యులు, అర్చామూర్తులు ఈ వెదకుటలోని అడుగులే. పురంజనుని మిత్రుడు వాడు పిలువకయే వచ్చెను. జ్ఞానము దారి చూపును. భక్తియో, ప్రపత్తియో ఆ దారిని నడిపించును. చేర్చునది స్వామి దయ.

ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు చెప్పిన గాంధారదేశీయుని కథయు ఇట్టిదే. కన్నులకు గంతలు కట్టి అడవిలో విడువబడినవానికి ఒకడు గంతలు విప్పి దిక్కు చూపును. వాడు ఊరూరు అడుగుచు ఇల్లు చేరును. గంతలు విప్పినంతనే ఇల్లు రాలేదు. నడవవలసివచ్చినది, దారి అడుగవలసివచ్చినది. ఆచార్యుడుగలవాడే ఎరుగునని ఉపనిషత్తు అక్కడ తేల్చినది.

గృహస్థులు గమనింపవలసినవి

లోకము దయ్యము కట్టిన చెర అని నమ్మిన యువకునకు తల్లి వండిన అన్నము ఎర, భార్య సంకెల, బిడ్డలు కొత్త ఖైదీలు అగుదురు. వైద్యుడిచ్చిన మందును మానినవారు, చదువును విడిచినవారు, బ్రతుకే వద్దనుకొనువారు ఈ దారిలో ఉండుట కద్దు. కావున పెద్దలు ఇట్టి మాటలను నవ్వి త్రోసివేయరాదు, కసరి నోరు మూయింపరాదు. ఆ పిల్లవాని మాట వెనుక ఏ దుఃఖమున్నదో అడిగి తెలిసికొనవలెను. ఉద్యోగము దొరకకపోవుటయో, ఆప్తులు పోవుటయో, ఒంటరితనమో ఉండవచ్చును. బ్రతుకుమీద విరక్తి మాట నోట వచ్చినచో ఒక్కనిని విడువక తోడుండి వైద్యుని చెంతకు తోడ్కొనిపోవలెను. అదియు కైంకర్యమే. మంత్రము ఇత్తునని, ద్వారము తెరతునని పైకమడుగువారికి దూరముగా నుండవలెను.

మన సంప్రదాయము దేహమును, ద్రవ్యమును ఎట్లు చూచునో తెలియుటకు కురుమూర్తి కొండ చాలును. కార్తికమాసమున జరుగు ఉత్సవములలో వడ్డెమాను గ్రామపు చర్మకారులు ఉపవాసముండి నియమముతో కుట్టిన స్వామి పాదుకలను ఊరేగింపుగా కొండకు తెత్తురు. దీనినే ఉద్దాల ఉత్సవమందురు. చుట్టుపట్ల ఊళ్ళనుండి జనము దానికొరకే తరలివత్తురు. లోకము అపవిత్రమనినది తోలు. దానిని కుట్టువారిని లోకము చిరకాలము దూరముంచినది. ఆ తోలే, ఆ చేతులే స్వామి పాదములకు దగ్గరైనవి. మట్టి, తోలు, బియ్యము, పూవు అను భేదము లేక స్వామికి సమర్పించిన ప్రతి వస్తువు చెరనుండి విడుదల పొందినదే. అట్లే ఇల్లును, పొలమును, కూలిని, సంసారమును స్వామికి చెందినవని తెలిసి నడుపువాడు ఉన్నచోటనే సగము విడుదల పొందినవాడు. మిగిలిన సగము స్వామి చూచుకొనును.

తెల్లవారుజామున దీపము వెలిగించు ఇల్లాలు, పొలమునకు పోవుచు గోపురమునకు చేయెత్తి మ్రొక్కు రైతు, దూరదేశమున పనిచేయుచు ఏకాదశిని మరువని కూలి, వీరందరును మేలుకొనుచున్నవారే. వారికి సంకేతపదములతో పని లేదు. తండ్రి పేరు తెలిసిన బిడ్డ ఏ ఊరిలో తప్పిపోయినను ఇల్లు చేరును. ఆ పేరును బిడ్డలకు చిన్ననాడే నేర్పుట పెద్దల బాధ్యత.